ఆలస్యంగా ఏర్పడినందుకే ఆదిమంగా మిగిలిన రాళ్ళు

1969 ఫిబ్రవరి 8వ తేదీ తెల్లవారుజామున ఉత్తర మెక్సికోలోని చివావా రాష్ట్రంలో, పుయెబ్లితో దె అయెండే అనే గ్రామం చుట్టుపక్కల ఆకాశం నుంచి రాళ్ళు కురిశాయి. ఏరి తెచ్చినవే రెండు టన్నులు దాటాయి. చంద్రుడి మీది నుంచి వ్యోమగాములు తేబోయే రాళ్ళ కోసం అమెరికాలోని ప్రయోగశాలలు సరికొత్త పరికరాలతో ఎదురుచూస్తున్న రోజులవి. ఆ పరికరాలకు చంద్రశిలలకంటే ముందు దొరికింది ఈ ఉల్కాశిల. దాని ముక్కనొకదాన్ని అడ్డంగా కోసి నునుపు చేసి చూస్తే, ముదురు బూడిదరంగు నేల మీద రెండు రకాల మచ్చలు మామూలు కంటికే కనిపిస్తాయి. మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే గుండ్రని పూసలు ఒక రకం. అంచులు వంకరటింకరగా ఉండి, కొన్నిచోట్ల సెంటీమీటరు దాటే తెల్లని గుళికలు రెండో రకం. వీటి మధ్య సందులను నింపుతూ అతి సన్నని నల్లటి ధూళి ఉంటుంది. మూడూ ఒకే రాయిలో ఉన్నాయి కాబట్టి ఒకేచోట, ఒకేసారి పుట్టాయనుకోవడం సహజం. అది నిజం కాదు. వాటి వయసులు వేరు, అవి చవిచూసిన వేడి వేరు, పుట్టిన తావులు వేరు. సౌరకుటుంబం ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు ఈ రోజు మనం చెప్పగలుగుతున్న జవాబులో చాలా భాగం ఈ తేడాలను పరమాణువుల లెక్కతో చదవగలగడం వల్ల వచ్చిందే.

పూసలను కాండ్రూల్స్ అనీ, అవి ఉన్న రాళ్ళను కాండ్రైట్లనీ అంటారు. భూమి మీద పడుతూ కంటబడిన ఉల్కాశిలల్లో నూటికి ఎనభైకి పైగా ఇవే. కాండ్రైటు ఏ గ్రహశకలం నుంచి విరిగి వచ్చిందో ఆ గ్రహశకలం ఎన్నడూ పూర్తిగా కరగలేదు. అసలు విలువంతా ఇక్కడే ఉంది. కరిగిన ప్రతి వస్తువులోనూ ఇనుము అడుగుకు దిగి కేంద్రంలో చేరుతుంది, తేలిక ఖనిజాలు పైకి తేలతాయి, ముందున్న ఆనవాళ్ళు చెరిగిపోతాయి. భూమి ఇలాగే కరిగింది. తర్వాత కూడా తన పైపొరను మింగుతూ, కొత్తది కక్కుతూ వచ్చింది. భూమి మీద దొరికిన వాటిలో అత్యంత ప్రాచీనమైన ఖనిజం పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ ప్రాంతపు జిర్కాన్ రేణువు. దాని వయసు సుమారు 440 కోట్ల సంవత్సరాలు. సౌరకుటుంబం వయసు అంతకంటే పదిహేను కోట్ల ఏళ్ళకు పైగా ఎక్కువ. గ్రహాలు పుట్టిన ఆ తొలి అధ్యాయానికి భూమి దగ్గర సాక్ష్యమే లేదు. కరగని రాళ్ళనే అడగాలి.

ఒక రాయి ఎంత ఆదిమమైనదో చూడటానికి రెండు కొలమానాలున్నాయి. ఒకదానిలో ముందున్న రాయి రెండోదానిలో వెనకబడవచ్చు. మొదటిది రసాయనిక సంఘటన. 1864 మే 14న ఫ్రాన్సులోని ఓర్గేయ్ దగ్గర పడిన ఉల్కాశిలలో మూలకాల నిష్పత్తులను సూర్యుడి ఉపరితలపు కాంతిలో కనిపించే నిష్పత్తులతో పోల్చితే, హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, జడవాయువుల వంటి ఎగిరిపోయే మూలకాలను మినహాయిస్తే, రెండూ దాదాపు సరిగ్గా కలుస్తాయి. కొట్టొచ్చినట్టు తేడా కనిపించే మూలకం లిథియం. అది రాయిలో నూరు రెట్లకు పైగా ఎక్కువ. అయితే ఇక్కడ మారినది సూర్యుడే. తన లోపలి వేడికి లిథియాన్ని కొంచెం కొంచెంగా నాశనం చేసుకుంటూ వచ్చాడు. సూర్యుడి తొలినాటి కూర్పును సూర్యుడికంటే నమ్మకంగా ఒక రాయి దాచిందన్నమాట. కాని రెండో కొలమానమైన అంతర్నిర్మాణం ప్రకారం చూస్తే ఇదే ఓర్గేయ్ శిల బాగా మారిపోయినది. తన మాతృశకలంలో, అంటే తాను విరిగి వచ్చిన గ్రహశకలంలో, మంచు కరిగి ప్రవహించిన నీటికి దాని తొలి ఖనిజాలు దాదాపు అన్నీ బంకమట్టి ఖనిజాలుగా మారాయి. 1967లో వాన్ ష్మస్, వుడ్ ప్రతిపాదించి నేటికీ వాడుకలో ఉన్న వర్గీకరణలో కాండ్రైట్లకు 1 నుంచి 6 వరకు అంకెలిస్తారు. 3 అంటే నీరూ వేడీ అతి తక్కువగా తాకినవి. అక్కడినుంచి 1 వైపు వెళ్తే నీటి ప్రభావం, 6 వైపు వెళ్తే వేడి ప్రభావం పెరుగుతాయి. అయెండే శిల మూడో తరగతిది.

ఇక తెల్లని గుళికల సంగతి. వీటిలో కాల్షియం, అల్యూమినియం దండిగా ఉంటాయి. శాస్త్రజ్ఞులు పొడి అక్షరాల్లో వీటిని సీఏఐలంటారు. మెలిలైట్, స్పినెల్, పెరోవ్‌స్కైట్, హిబోనైట్ వంటి ఖనిజాలతో కూడిన ఈ గుళికల విశేషం ఏమిటంటే, సూర్యుడి కూర్పే ఉన్న అతి వేడి వాయువు నెమ్మదిగా చల్లారితే మొట్టమొదట ఘనరూపం దాల్చవలసిన ఖనిజాలు సరిగ్గా ఇవే. లారెన్స్ గ్రాస్మన్ 1970ల తొలినాళ్ళలో చేసిన ఉష్ణగతిక శాస్త్ర లెక్కలూ, అయెండే గుళికల్లోని ఖనిజాలూ ఒకదానికొకటి సరిపోయాయి. అక్కడి పీడనం చాలా తక్కువ కాబట్టి వాయువు ద్రవంగా మారకుండా నేరుగా ఘనంగా పేరుకుంటుంది. కొన్ని గుళికలు మళ్ళీ కరిగి గడ్డకట్టిన గుర్తులు చూపుతాయిగానీ, చాలావాటి పుట్టుక వాయువు నుంచే. అక్కడి ఉష్ణోగ్రత 1,400 కెల్విన్‌కు పైనే ఉండి ఉండాలి. అంత వేడి శిశుసూర్యుడికి బాగా దగ్గరలో తప్ప ఉండదు.

వాటి వయసును యురేనియం చెబుతుంది. యురేనియం-238 సుమారు 447 కోట్ల ఏళ్ళ అర్ధ జీవిత కాలంతో (అంటే పరమాణువుల్లో సగం క్షీణించడానికి పట్టే కాలంతో) సీసం-206గా, యురేనియం-235 సుమారు 70 కోట్ల ఏళ్ళ అర్ధ జీవిత కాలంతో సీసం-207గా మారతాయి. ఒకే మూలకంలో రెండు వేర్వేరు వేగాలతో నడిచే గడియారాలున్నందువల్ల ఒకదాన్ని మరొకదానితో సరిచూసుకోవచ్చు. 2012లో ప్రచురితమైన కొలతల ప్రకారం సీఏఐల వయసు 456.73 కోట్ల సంవత్సరాలు. అందులో అనిశ్చితి రెండు లక్షల ఏళ్ళకు మించదు. ఈ కచ్చితత్వం తేలిగ్గా రాలేదు. రెండు యురేనియం ఐసోటోపుల (ఒకే మూలకానికి చెంది బరువులో తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి ఉల్కాశిలలన్నింటిలోనూ ఒకటేనన్న ఊహ మీద దశాబ్దాలపాటు లెక్కలు సాగాయి. సీఏఐలలో ఆ నిష్పత్తి గుళికకూ గుళికకూ మారుతోందని 2010లో బయటపడింది. దాన్ని పట్టించుకోకపోతే వయసులో యాభై లక్షల ఏళ్ళ దాకా తప్పు దొర్లవచ్చు. అప్పటి నుంచి ఏ గుళిక వయసు కట్టాలన్నా ముందు ఆ గుళికలోనే యురేనియం నిష్పత్తిని కొలుస్తున్నారు. సౌరకుటుంబపు పంచాంగంలో సున్నా రోజు అంటే ఇప్పుడు ఈ గుళికలు పుట్టిన రోజే. మిగతా అన్నింటినీ దాని తర్వాత ఎన్నాళ్ళకని చెబుతారు.

ఆ తొలినాళ్ళను మరింత దగ్గరగా చూడటానికి యురేనియం చాలదు. వేగంగా తిరిగే గడియారం కావాలి. అదే అల్యూమినియం-26. దాని అర్ధ జీవిత కాలం సుమారు ఏడు లక్షల ఏళ్ళు మాత్రమే. అది క్షీణించి మెగ్నీషియం-26 అవుతుంది. ఈ రోజు అందులో తొలినాటి పరమాణువు ఒక్కటీ మిగిలి ఉండదు. కాబట్టి ఒకప్పుడు అది ఉండేదని నిరూపించాలంటే అది వదిలిన జాడ వెతకాలి. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో టైఫూన్ లీ, పాపనస్టాసియు, వాసర్‌బర్గ్ 1976లో ఆ పని చేశారు. అయెండే సీఏఐ ఒకదానిలోని వేర్వేరు ఖనిజాలను వేరుచేసి కొలిచినప్పుడు, అల్యూమినియం ఎక్కువగా ఉన్న ఖనిజంలో మెగ్నీషియం-26 కూడా ఆ మేరకే ఎక్కువగా కనిపించింది. మెగ్నీషియం-26 ఎక్కడినుంచో వచ్చి కలిసి ఉంటే అల్యూమినియంతో ఇలా తూచినట్టు పెరగదు. అంటే స్ఫటికం గట్టిపడినప్పుడు అందులో సజీవమైన అల్యూమినియం-26 ఉంది, తర్వాత ఆ స్ఫటికంలోనే క్షీణించింది. ప్రతి లక్ష అల్యూమినియం పరమాణువుల్లో దాదాపు ఐదు అల్యూమినియం-26 అని తేలింది.

లక్షకు ఐదంటే చాలా స్వల్పమనిపిస్తుంది. కాని రాళ్ళలో అల్యూమినియం సమృద్ధిగా ఉండే మూలకం. క్షీణించే ప్రతి పరమాణువూ వేడి విడుదల చేస్తుంది. చిన్న గ్రహశకలాలను కరిగించిన వేడి దీనిదే కావచ్చునని హెరాల్డ్ యూరీ 1955లోనే ఊహించాడు. ఆ ఊహను బలపరచిన సాక్ష్యాల్లో ఒకటి 1996లో రాజస్థాన్‌లో పడిన పిప్లియా కలాన్ ఉల్కాశిల. అది కాండ్రైటు కాదు. కరిగిన గ్రహశకలం మీద లావా గట్టిపడి ఏర్పడిన రాయి. అలాంటి రాతిలోనూ అల్యూమినియం-26 జాడ ఉందని అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు శ్రీనివాసన్, గోస్వామి, భండారి 1999లో చూపారు. శకలం కరిగి లావా పైకి పొంగినప్పటికి కూడా ఆ ఇంధనం ఇంకా పూర్తిగా అయిపోలేదని దీనివల్ల రూఢి అయింది.

ఈ ఒక్క ఐసోటోపు గడియారమూ తానే, కొలిమీ తానే. ఆదిమ ఉల్కాశిలల గురించి చాలా రచనల్లో దాటవేసే ముఖ్యమైన సంగతి దీన్నుంచే పుడుతుంది. సున్నా రోజు తర్వాత మొదటి పది లక్షల ఏళ్ళలో కొన్ని పదుల కిలోమీటర్ల వ్యాసంతో ఏర్పడిన ఏ శకలమైనా లోపలి వేడికి కరిగిపోక తప్పదు. ఇరవై లక్షల ఏళ్ళ తర్వాత ఇంధనంలో ఏడో వంతు మాత్రమే మిగులుతుంది. ముప్పై లక్షల ఏళ్ళకు పద్దెనిమిదో వంతు. అప్పుడు కూడిన శకలం వెచ్చబడుతుంది, అందులోని మంచు కరుగుతుంది, కాని రాయి కరగదు. కాబట్టి మనం ఆదిమమని పిలుస్తున్న రాళ్ళ మాతృశకలాలు మొదట పుట్టినవి కావు. అవి ఆలస్యంగా కూడినవి. ఆ ఆలస్యమే వాటిని కాపాడింది. వాటిలోని తెల్లని గుళికలు సౌరకుటుంబంలో పుట్టినవాటిలో అన్నింటికంటే వయసులో పెద్దవే, వాటికంటే ప్రాచీనమైన రేణువులు కూడా లోపల ఉన్నాయి. కాని అవన్నీ ఒక రాయిగా కలిసింది ఆ తర్వాత ఇరవై, ముప్పై, నలభై లక్షల ఏళ్ళకు.

దీనికి మరో వైపు నుంచి రుజువు ఇనుప ఉల్కాశిలల్లో దొరికింది. ఇవి కరిగిన శకలాల కేంద్రభాగాలు. ముందు కాండ్రైట్ల వంటి శకలాలు ఏర్పడి, వాటిలో కొన్ని వేడెక్కి కరిగి, ఇనుప కేంద్రాలు చివర ఏర్పడి ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. ఈ క్రమాన్ని హాఫ్నియం-182 తలకిందులు చేసింది. అది సుమారు 89 లక్షల ఏళ్ళ అర్ధ జీవిత కాలంతో టంగ్‌స్టన్-182గా మారుతుంది. శకలం కరిగినప్పుడు టంగ్‌స్టన్ ఇనుముతో పాటు కేంద్రంలోకి దిగుతుంది, హాఫ్నియం పైనున్న రాతిలోనే ఉండిపోతుంది. కేంద్రం ఎంత త్వరగా ఏర్పడితే దానిలోని టంగ్‌స్టన్-182 అంత తక్కువ. ఇనుప ఉల్కాశిలల్లో అది ఎంత తక్కువగా కనిపించిందంటే, వాటిలో కొన్ని, సీఏఐలకంటే కూడా ముందు పుట్టినట్టు లెక్క వచ్చింది. అది అసాధ్యం కాబట్టి కారణం వెతికారు. అంతరిక్షంలో కోట్ల ఏళ్ళపాటు తాకిన విశ్వకిరణాలు టంగ్‌స్టన్ ఐసోటోపులను మార్చాయని తేలింది. అదే కిరణాలు ప్లాటినం ఐసోటోపులను ఎంత మార్చాయో కొలిచి దిద్దుబాటు చేశారు. దిద్దిన తర్వాత కూడా, చాలా ఇనుప కేంద్రాలు సున్నా రోజు తర్వాత పది నుంచి ముప్పై లక్షల ఏళ్ళలోపే వేరుపడ్డాయనీ, వాటి మాతృశకలాలు అంతకంటే ముందే, మొదటి పది లక్షల ఏళ్ళలోనే కూడాయనీ స్థిరపడింది. కేంద్రం, దాని చుట్టూ ఉండే రాతి పొర అయిన ప్రావారం వేరుపడిన చిన్న ప్రపంచాలు అప్పటికే తిరుగుతుండగా, అయెండే శిల ఇంకా ధూళిగానూ పూసలుగానూ అంతరిక్షంలో తేలుతోంది.

పూసల దగ్గరకు వద్దాం, ఎందుకంటే మొత్తం కథలో ఇప్పటికీ ముడి వీడనిది అక్కడే. రాళ్ళను సూక్ష్మదర్శిని కింద చదివే పద్ధతికి ఆద్యుడైన హెన్రీ సోర్బీ 1877లోనే కాండ్రూల్స్‌ను నిప్పుల వాన చినుకులతో పోల్చాడు. ఆ పోలికలో తప్పేమీ లేదు. ఇవి ఒకప్పుడు అంతరిక్షంలో తేలిన కరిగిన రాతి బిందువులు. వాటిలోని స్ఫటికాల ఆకారాన్ని కొలిమిలో తయారుచేసి చూసిన ప్రయోగాల ప్రకారం అవి 1,500 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడెక్కి, గంటకు పదుల నుంచి వెయ్యి డిగ్రీల వేగంతో చల్లారాయి. అంటే మొత్తం వ్యవహారం గంటల్లో, మహా అయితే రోజుల్లో ముగిసింది. శిశుసూర్యుడి చుట్టూ ఉన్న వాయువు దానంతట అది చల్లారడానికి పట్టే కాలంతో పోల్చితే ఇది రెప్పపాటు. పైగా ఇది ఒక్కసారి జరిగిన ప్రమాదం కాదు. కొన్ని రకాల కాండ్రైట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా పూసలే. ఆ ప్రాంతంలోని పదార్థంలో అధికభాగం కనీసం ఒకసారి ఈ మెరుపు వేడి గుండా వెళ్ళింది.

1940లో భారతదేశంలో పడిన సెమర్కోనా ఉల్కాశిల ఈ విషయంలో చెప్పినన్ని సంగతులు మరేదీ చెప్పలేదు. ‘సాధారణ కాండ్రైట్లు’ అనే, అన్నింటికంటే ఎక్కువగా పడే రకంలో ఇంతకంటే చెక్కుచెదరని రాయి లేదు. దాని పూసల్లోని ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలలో నడుమ నుంచి అంచు వరకు సోడియం ఎంతుందో 2008లో ప్రచురితమైన పరిశోధనలో కొలిచారు. సోడియం వేడికి ఇట్టే ఆవిరయ్యే మూలకం. శూన్యంలో ఒంటరిగా తేలే బిందువైతే అంత వేడిలో దాన్ని పూర్తిగా పోగొట్టుకోవాలి. కాని స్ఫటికం మొదట గట్టిపడిన భాగంలోనూ, చివర గట్టిపడిన భాగంలోనూ సోడియం దాదాపు ఒకే తీరున ఉంది. చుట్టూ లెక్కలేనన్ని బిందువులు కిక్కిరిసి, వాటి ఆవిరే వాటిని కప్పి ఉంచితే తప్ప ఇది సాధ్యం కాదు. ఆ సాంద్రత ఎంతటిదంటే, అలాంటి మేఘం తన సొంత ఆకర్షణకే కుంగి గ్రహశకలంగా ముద్దకట్టవచ్చు. పూసలు పుట్టడమూ శకలాలు పుట్టడమూ వేర్వేరు ఘటనలు కాకపోవచ్చునన్న ఆలోచనకు ఇది బలమైన ఆధారం. అదే సెమర్కోనా పూసల్లో, చల్లారుతున్నప్పుడు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని గుర్తుంచుకున్న సూక్ష్మమైన ఇనుప రేణువులున్నాయి. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ క్షేత్రం సుమారు 54 మైక్రోటెస్లాలు, నేటి భూమి మీద ఉన్న క్షేత్రంతో సమానం. శిశుసూర్యుడి చుట్టూ తిరిగిన పళ్ళెంలాంటి వాయుమండలం నుంచి సూర్యుడిలోకి పదార్థాన్ని జార్చడానికి సరిపోయే బలం ఇది.

ఆ మెరుపు వేడి దేనివల్ల పుట్టిందన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. వాయుమండలంలో దూసుకుపోయిన ఆఘాత తరంగాలు, పెద్ద శకలాలు వాయువును చీల్చుకుంటూ వెళ్ళినప్పుడు ముందు పుట్టే ఒత్తిడి అలలు, మెరుపులు, శకలాల ఢీకొట్టుళ్ళు, ఇలా చాలా ప్రతిపాదనలున్నాయి. 1984లో నైజీరియాలో పడిన గుజ్బా ఉల్కాశిల పూసలు మాత్రం రెండు పెద్ద శకలాల ఢీలో ఎగిసిన ఆవిరి, ద్రవాల మేఘం నుంచే పుట్టాయని చాలామంది అంగీకరిస్తారు. కాని అవి సీఏఐల తర్వాత దాదాపు యాభై లక్షల ఏళ్ళకు పుట్టిన ఆఖరి తరం. వాటి కథను మిగతా పూసలన్నింటికీ అంటగట్టడం సబబు కాదు.

పూసల వయసు మీద ఉన్న వివాదం ఇంతకంటే లోతైనది. అల్యూమినియం-26 గడియారం ప్రకారం చాలా కాండ్రూల్స్ సీఏఐల తర్వాత సుమారు ఇరవై నుంచి ముప్పై లక్షల ఏళ్ళకు పుట్టాయి. కోపెన్‌హాగెన్ బృందం యురేనియం-సీసం పద్ధతిలో ఒక్కొక్క పూసను కొలిచి, కొన్ని పూసలు సీఏఐలంత ప్రాచీనమైనవేనని 2012లో ప్రకటించింది. రెండు కొలతలూ నిజమైతే పూసలు పుట్టిన చోట మొదటి నుంచీ అల్యూమినియం-26 తక్కువగా ఉండి ఉండాలి. అప్పుడది గడియారంగా పనికిరాదు. తక్కువ ఇంధనాన్ని ఆలస్యమని పొరబడుతున్నామనుకోవాలి, నేను పైన చెప్పిన వాదన కూడా సడలిపోతుంది. అయితే అయెండే పూసలనే హాఫ్నియం-టంగ్‌స్టన్ పద్ధతిలో కొలిచినప్పుడు సీఏఐల తర్వాత సుమారు ఇరవై రెండు లక్షల ఏళ్ళనే జవాబు వచ్చింది. అల్యూమినియంతో ఏ సంబంధమూ లేని మరో గడియారం అదే సమయాన్ని చూపడం వల్ల, ఆ ఐసోటోపు చాలామట్టుకు సమంగానే పరచుకుని ఉందన్న పక్షమే నాకు బలంగా కనిపిస్తోంది.

పూసలనూ గుళికలనూ పక్కనబెట్టి వాటి మధ్యనున్న నల్లటి ధూళిలోకి వెళ్తే సూర్యుడికంటే ముందటి కాలంలోకి వెళ్తాం. కొన్ని ఉల్కాశిలల్లో వింత ఐసోటోపులతో కూడిన జినాన్, నియాన్ వాయువులు ఉన్నాయని 1960ల నుంచే తెలుసు. వాటిని మోస్తున్న ఖనిజమేదో మాత్రం తెలియలేదు. షికాగోలో ఎడ్వర్డ్ ఆండర్స్ బృందం రాయిని ఘాటైన ఆమ్లాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా కరిగిస్తూ, మిగిలిన మడ్డిలో ఆ వాయువులు ఇంకా ఉన్నాయో లేవో ప్రతిసారీ చూసుకుంటూ వెళ్ళింది. సూది దొరకాలంటే గడ్డివామునే తగలబెట్టాలన్నంత తెగువ ఉన్న పద్ధతి ఇది. 1987లో చివరికి మిగిలినవి అతి సూక్ష్మమైన వజ్రాలు, సిలికాన్ కార్బైడ్ రేణువులు. ఈ సిలికాన్ కార్బైడ్‌లో అధికభాగం వయసు మళ్ళి ఉబ్బిన ఎర్రని నక్షత్రాల గాలుల్లో గట్టిపడినది. కొద్ది రేణువుల్లో మాత్రం కాల్షియం-44 విపరీతంగా ఉంటుంది. అది టైటానియం-44 క్షీణించగా మిగిలినది. దాని అర్ధ జీవిత కాలం సుమారు అరవై ఏళ్ళే. అది తయారయ్యేది నక్షత్ర విస్ఫోటనాల్లోనే. ఒక నక్షత్రం పేలిన తర్వాత టైటానియం-44 అంతా క్షీణించిపోకముందే, ఆ శిథిలాల్లోనే గట్టిపడిన రేణువును ఈ రోజు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడగలుగుతున్నాం. 1969లోనే ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కాశిల నుంచి తీసిన సిలికాన్ కార్బైడ్ రేణువుల మీద విశ్వకిరణాలు చేసిన మార్పులను లెక్కగట్టి, వాటిలో కొన్ని 550 కోట్ల ఏళ్ళకంటే ప్రాచీనమైనవనీ, అత్యంత ప్రాచీనమైనవి 700 కోట్ల ఏళ్ళ వరకు ఉండవచ్చుననీ 2020లో తేల్చారు. మనిషి చేతికి చిక్కిన వాటిలో వీటికంటే ప్రాచీనమైన ఘనపదార్థం లేదు.

ఈ రేణువులు బతికి ఉండటమే ఒక పాత సిద్ధాంతాన్ని కొట్టివేసింది. సౌరకుటుంబానికి మూలమైన పదార్థమంతా ఒకప్పుడు పూర్తిగా ఆవిరై, బాగా కలిసిపోయి, తర్వాత క్రమంగా చల్లారిందని 1960లలో భావించేవారు. అలాగే జరిగి ఉంటే ఏ పాత రేణువూ మిగలకూడదు, ఐసోటోపుల నిష్పత్తులు అంతటా ఒకటిగా ఉండాలి. క్లేటన్, గ్రాస్మన్, మయేడా 1973లో అయెండే సీఏఐల ఆక్సిజన్‌ను కొలిచినప్పుడు రెండో ఆశ కూడా అడుగంటింది. భూమి మీది ఆక్సిజన్‌తో పోల్చితే ఆ గుళికల్లో ఆక్సిజన్-16 నాలుగైదు శాతం ఎక్కువ. మామూలు రసాయనిక చర్యలు మూడు ఆక్సిజన్ ఐసోటోపులను వాటి బరువు తేడాను బట్టి వేరుచేస్తాయి; ఇక్కడ 17, 18 రెండూ ఒకే మోతాదులో తగ్గాయి.

గుళికలే వింతవా, లేక మనమే వింతవాళ్ళమా? దీనికి జవాబు సూర్యుడి దగ్గరే ఉంది. సౌరపవనాన్ని, అంటే సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహాన్ని, పట్టి తెచ్చేందుకు నాసా 2001లో పంపిన జెనెసిస్ నౌక 2004 సెప్టెంబరులో తిరిగి వస్తూ, పారాచూట్ తెరుచుకోక యూటా ఎడారిలో నేలకు గుద్దుకుంది. పగిలిన పలకల ముక్కలను ఏరి, శుభ్రపరచి, ఓపికగా కొలిచిన శాస్త్రజ్ఞులు 2011లో ఫలితం ప్రకటించారు. సూర్యుడి ఆక్సిజన్ సీఏఐలకు దగ్గరగా ఉంది, భూమికి కాదు. తేడాగా ఉన్నది భూమి, అంగారకుడు, మామూలు గ్రహశకలాలే. ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ కార్బన్ మోనాక్సైడుకు సంబంధించినది. అతినీలలోహిత కాంతి ఆ అణువును విడగొడుతుంది. ఆక్సిజన్-16 ఉన్న అణువులు ఎక్కువ కాబట్టి, తమను విడగొట్టే కాంతిని మేఘపు పైపొరలోనే అవి పీల్చేసుకుంటాయి. లోపలి వాటికి రక్షణ దొరుకుతుంది. అరుదైన ఆక్సిజన్-17, 18 ఉన్న అణువులకు ఆ రక్షణ లేదు. విడిపోయిన భారమైన ఆక్సిజన్ హైడ్రోజన్‌తో కలిసి మంచుగా మారుతుంది, ఆ మంచు సూర్యుడి వైపు జారి ధూళితో కలుస్తుంది. అక్ఫెర్ 094 అనే ఉల్కాశిలలో, అలాంటి నీటితో చర్య జరిపి విపరీతంగా భారమైన ఆక్సిజన్‌ను దాచుకున్న ఖనిజ మిశ్రమం 2007లో బయటపడటంతో ఈ వివరణకు భౌతిక సాక్ష్యం దొరికింది.

ఇంతవరకు చెప్పినదంతా కలయిక కథ. సూర్యుడి చెంత పుట్టిన గుళికలు నీరూ మంచూ ఉన్న శకలాల్లోకి చేరాయి. ఇంకా దూరం కూడా వెళ్ళాయి. స్టార్‌డస్ట్ నౌక వైల్డ్ 2 తోకచుక్క నుంచి సేకరించి 2006 జనవరిలో భూమికి దించిన ధూళిలో సీఏఐలాంటి రేణువులు, కాండ్రూల్ ముక్కలు కనిపించాయి. మంచుముద్ద అనుకున్న తోకచుక్కలో కొలిమి నుంచి వచ్చిన పదార్థం ఉంది. కాని 2011లో పాల్ వారెన్ ఎత్తిచూపిన విషయం దీనికి ఎదురుగా నిలుస్తుంది. టైటానియం, క్రోమియం వంటి మూలకాల ఐసోటోపులను బట్టి ఉల్కాశిలలను గుర్తిస్తూ పోతే అవి వరసగా పరచుకోవు. రెండు గుంపులుగా విడిపోతాయి, మధ్యలో ఖాళీ. భూమి, అంగారకుడు, సాధారణ కాండ్రైట్లు ఒక గుంపు. అయెండే, ఓర్గేయ్ వంటి కర్బన కాండ్రైట్లు మరో గుంపు. తర్వాత మాలిబ్డినంతో చూసినప్పుడు ఇనుప ఉల్కాశిలలు కూడా ఇలాగే చీలాయి. అంటే మొదటి పది లక్షల ఏళ్ళలోనే రెండు పాదులు ఏర్పడ్డాయి, కాండ్రైట్లు కూడేవరకు, అంటే ముప్పై నలభై లక్షల ఏళ్ళ వరకు, అవి కలవలేదు.

ధూళి సహజంగా సూర్యుడి వైపు జారుతుంది. దాన్ని అన్ని లక్షల ఏళ్ళు ఆపినదేమిటి? జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో క్రూయర్, క్లైన్ తదితరులు 2017లో ఇచ్చిన జవాబు గురుగ్రహం. దాని కేంద్రభాగం మొదటి పది లక్షల ఏళ్ళలోపే భూమికి సుమారు ఇరవై రెట్ల బరువుకు ఎదిగి ఉంటే, బయటి నుంచి వచ్చే ధూళికి అడ్డుకట్టగా నిలుస్తుంది. మనకు చిక్కని ఒక గ్రహపు వయసును దాన్ని ఎన్నడూ తాకని రాళ్ళు చెప్పడం ఈ రంగంలోని గొప్ప ఫలితాల్లో ఒకటని నేననుకుంటాను. అయితే ఆ అడ్డుకట్ట గురుడే అయి తీరాలని లేదు. వాయుమండలంలో గ్రహం లేకుండానే ఏర్పడే అధిక పీడన వలయం కూడా ధూళిని ఆపగలదని వాదించేవారున్నారు. ఇతర నక్షత్రాల చుట్టూ చిలీలోని ఆల్మా దూరదర్శిని అలాంటి వలయాలను ఎన్నో చూపింది కూడా. సీఏఐలు కర్బన కాండ్రైట్లలోనే ఎక్కువగా ఉండి, సూర్యుడికి దగ్గరలో కూడిన రాళ్ళలో అరుదుగా ఉండటం మొదట వింతగా అనిపిస్తుంది. అడ్డుకట్ట పడకముందే అవి బయటికి కొట్టుకుపోయి, తర్వాత వెనక్కి రాలేక అక్కడే చిక్కుకుపోయాయంటే అది అర్థమవుతుంది.

మన సేకరణలో ఉన్నవి భూమి వాతావరణాన్ని తట్టుకుని నేలకు చేరిన రాళ్ళు మాత్రమే. ఓర్గేయ్ వంటి మెత్తని రాళ్ళు ఆకాశంలోనే పొడైపోతాయి కాబట్టి ఆ తరగతివి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. జపాన్ హయబుసా-2 నౌక 2020 డిసెంబరులో ర్యుగు గ్రహశకలం నుంచి తెచ్చిన 5.4 గ్రాముల పదార్థం ఆ తరగతిదేనని తేలింది. నేల తాకని ఆ పదార్థంలో, ఓర్గేయ్‌లో ఉన్న సల్ఫేట్ ఖనిజాలు లేవు. నూట యాభై ఏళ్ళుగా భద్రపరచిన రాయిలోని ఆ ఖనిజాలు భూమి మీది తేమకు పుట్టినవన్న అనుమానం దీంతో బలపడింది. 2023 సెప్టెంబరులో నాసా ఒసైరిస్-రెక్స్ నౌక బెన్ను అనే గ్రహశకలం నుంచి 121.6 గ్రాములు తెచ్చింది. అందులో ఉప్పునీరు ఇంకి మిగిలిన లవణాలు, జీవులు వాడుకునే ఇరవై ఎమైనో ఆమ్లాల్లో పద్నాలుగు, జన్యుపదార్థపు ఐదు క్షారాలూ కనిపించాయి. మర్చిసన్ శిలలో 1970లోనే ఎమైనో ఆమ్లాలు దొరికినా, భూమి నుంచి అంటుకున్నవేమోనన్న సందేహం ఉల్కాశిలలను వెంటాడుతూనే ఉండేది. సీలు వేసిన పెట్టెలో వచ్చిన పదార్థానికి ఆ బెడద చాలామట్టుకు తప్పింది.

చివరిగా భూమి విషయం. ఏ కాండ్రైట్లను ఏ పాళ్ళలో కలిపితే భూమి వస్తుందన్న లెక్కను ఎందరో కట్టి చూశారు. ఎన్‌స్టటైట్ అనే ఖనిజం ఎక్కువగా ఉండే ఎన్‌స్టటైట్ కాండ్రైట్లు అన్నింటికంటే దగ్గరగా వస్తాయి. అయినా మాలిబ్డినం, జిర్కోనియం వంటి మూలకాల్లో భూమి ఆ గుంపు మొత్తానికి ఒక చివరన నిలబడుతుంది. తెలిసిన ఉల్కాశిలలను ఎలా కలిపినా ఆ చివరకు చేరలేం. సూర్యుడికి మరింత దగ్గరలో, మొదటి లక్షల ఏళ్ళలో ముద్దకట్టిన పదార్థం భూమిలో గణనీయంగా ఉండి ఉండాలి. అది అప్పుడే కరిగింది, తర్వాత భూమీ శుక్రుడూ ఎదుగుతూ దాన్ని మింగేశాయి, గ్రహశకలాల పట్టీలో రాళ్ళుగా మిగలలేదు. దాని నమూనా ఇంకెక్కడైనా మిగిలి ఉంటే బుధగ్రహం మీదే ఉండాలి. అక్కడి నుంచి వచ్చిందని అందరూ ఒప్పుకునే ఉల్కాశిల ఇప్పటివరకు ఒక్కటీ లేదు.